ఆగీ ఆగని బ్లేడు

వెంట్రుకవాసి మేస్త్రికి ఆ పేరు పెట్టింది వీధివాళ్ళు. చెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే చాలు, ఆ ముక్క మూలనున్న చిత్తు పెట్టెలోకి పోవాల్సిందే, చేసింది ఎవరైనా సరే. కన్నకొడుకైనా సరే. ఆ కొడుకు పెట్టె సగం నింపి, ఒకరోజు ఉలి పక్కన పడేసి, లారీ తోలుకోవడానికి వెళ్ళిపోయాడు. నిలబడింది కోడలు. పెళ్ళయిన కొత్తలో మామగారికి క్యారేజీ ఇచ్చిపోదామని వచ్చిన మనిషి, గరుకు కాగితం ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది, అంతే, మళ్ళీ కింద పెట్టలేదు. ఇప్పుడు నునుపు పట్టడం, జిగురు, బిగింపు, మెరుగు అన్నీ ఆమె పనులే. కోత మిషను ఒక్కటే మామగారిది. దాని స్విచ్చు మీద ఇంకొకరి చెయ్యి పడితే ఆయన ఊరుకోరు.

ఆ మిషను కూడా ఆయనలాగే మొండిది. ఇనప బల్ల, బల్ల మధ్య చీలికలోంచి పైకి లేచిన గుండ్రటి బ్లేడు, చెక్కని ఆనించి తోయడానికి పక్కనే ఒక గైడు. స్విచ్చు ఆపితే మోటారు ఆగుతుంది కానీ బ్లేడు ఆగదు. బ్రేకు అనేది లేని పాత సరుకు. దాని మానాన అది తిరిగి తిరిగి, విసుగొచ్చినప్పుడు నిలబడుతుంది.

అది నిలబడిందో లేదో మామగారు కళ్ళతో చూసేవారు కాదు. కళ్ళద్దాల నిండా ఎప్పుడూ చెక్కపొట్టే, కళ్ళని నమ్ముకున్న మేస్త్రి వేళ్ళు పోగొట్టుకుంటాడని ఆయన సిద్ధాంతం. చెవులు ఎలాగూ మిషను హోరుకి ఏనాడో మందగించాయి. అందుకని ఆయన పద్ధతి ఆయనకుంది. మోకాలితో స్విచ్చు నొక్కి, ఎడమచేతి వేళ్ళ చివర్లు మెత్తగా బల్ల మీద ఆనించేవారు. బ్లేడు తిరుగుతున్నంతసేపూ ఇనుములో సన్నగా వణుకు ఉంటుంది. ఆ వణుకు తగ్గి, తగ్గి, చచ్చిపోయేదాకా ఆగేవారు. అప్పుడు కుడిచెయ్యి వెళ్ళి బ్లేడు పక్కన పడున్న సన్నముక్కని తీసుకునేది. జీవితమంతా అలాగే చేశారు. పది వేళ్ళూ పదిలంగానే ఉన్నాయి. ఇంకెవరైనా సలహా చెప్పబోతే ఆ పది వేళ్ళూ వాళ్ళ మొహం ముందు చాపి చూపించేవారు.

ఆ షెడ్డులో చట్టం ఒకటే. బ్లేడు తిరుగుతుండగా మిషను దగ్గరున్న మనిషితో మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే, బ్లేడు ఆగాకే చెప్పాలి. ఉలిక్కిపడిన చెయ్యి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి. కోడలు ఆ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించేది. ఒకసారి తేలు పాదం పక్కనుంచి పోతుంటే కూడా కిక్కురుమనలేదు.

ఇదంతా బాగానే ఉండేది, మామగారు ఒక కాలికే చెప్పుతో ఇంటికి రాకపోయి ఉంటే.

ఆ సాయంత్రం గుమ్మంలో అత్తగారు ఎగాదిగా చూసి, "రెండోది ఎవరికి దానం చేశారు?" అంది. మామగారు కాళ్ళ వంక చూసుకుని నిజంగానే ఆశ్చర్యపోయారు. ఎక్కడ ఊడిందో ఆయనకి తెలియదు. కంకర పరిచిన వీధి పొడుగునా ఉత్తకాలితో నడిచొచ్చారు, అరికాలు గీరుకుపోయింది, అయినా తెలియలేదు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. షుగరు డాక్టరు చెప్పాడులే, కాళ్ళు కాస్త మొద్దుబారతాయని, అంది అత్తగారు తర్వాత తీరిగ్గా. కోడలు నవ్వుతూనే ఉంది కానీ, నవ్వు మధ్యలో ఏదో గుచ్చుకుంది. కాళ్ళు మొద్దుబారితే చేతుల సంగతేమిటి?

అప్పట్నుంచి ఆమెకి మనశ్శాంతి లేదు. చూడకూడదనుకుంటూనే ఆయన చేతుల్నే చూసేది. పొగలు కక్కుతున్న టీ గ్లాసుని ఆయన గుప్పెట్లో పట్టుకుని కబుర్లు చెప్పేవారు, ఆమె అదే గ్లాసుని అంచు పట్టుకుని కూడా నిలపలేకపోయేది. గరుకు కాగితం తిరగేసి పట్టుకుని చెక్క మీద రుద్ది, పొట్టు రాలట్లేదేమని కాగితాన్ని తిట్టేవారు. ఒకరోజు తెల్ల చెక్క పట్టీ మీద ఎర్రటి మరకలు కనిపిస్తే ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటమ్మాయ్ ఇది? రంగు చేతులతో ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"అది రంగు కాదు మామయ్యా. మీ వేలు."

ఆయన బొటనవేలిలో చెక్క పేడు ఒకటి సగందాకా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఏమో, నెత్తురు అరచేతిలోకి జారి ఆరిపోయింది కూడా. ఆయన దాన్ని పళ్ళతో పీకి పారేసి, పెద్ద పనిలో ఉన్నవాడికి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి, అని మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళారు. స్విచ్చు నొక్కారు. కోశారు. ఆపారు. ఎడమచేతి వేళ్ళు బల్ల మీద ఆనించారు.

కోడలు చేతిలో పని ఆపి చూసింది. ఆ వేళ్ళకి పేడే తెలియలేదు, వణుకు తెలుస్తుందా?

ఆ పూట ఆయన చెయ్యి చాపేసరికి బ్లేడు ఆగే ఉంది. మర్నాడు కూడా. కానీ చెయ్యి రోజురోజుకీ తొందరపడుతోంది. ఆ సంగతి ఆమెకి ఒక్కదానికే తెలుసు. ఒకసారైతే ఆయన ముక్క తీసుకున్నాక బ్లేడు పళ్ళు ఇంకా బద్ధకంగా ఒక చుట్టు తిరిగి ఆగడం కళ్ళారా చూసింది. ఆయన చూడలేదు. ముక్కని వెలుతురుకి పట్టి, మందం సరిపోయిందని మురిసిపోతున్నారు.

పోనీ పెద్దవాళ్ళతో చెబుదామని అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు చెబితే వింటారేమో అత్తయ్యా."

"నేనా? ఆయనకి చెప్పడం కంటే ఈ గోడకి చెప్పుకో పిల్లా. గోడైతే కనీసం ఎదురుతిరిగి అరవదు," అని అత్తగారు తేల్చేసింది. తర్వాత గొంతు తగ్గించి, "మిషను మానెయ్యమంటే మనిషి మంచమెక్కుతాడే. నాకు తెలుసు," అంది. ఆ మాటతో కోడలికి ఉన్న కాస్త ధైర్యం కూడా దిగిపోయింది. భర్తకి ఫోను చేస్తే, లారీ హోరులోంచి "నేనొచ్చి మాట్లాడతాలే" అన్నాడు. తండ్రితో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆ మనిషికి దూరపు లోడు తగులుతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆఖరికి ఆమే ఒక ఉపాయం చేసింది. మిగిలిన ముక్కల్లోంచి ఒక కర్ర చెక్కి, చివర చిన్న గాడి పెట్టి, మిషను పక్కన మేకుకి తగిలించింది. చెక్కని తోయడానికీ, కోసిన ముక్కని బ్లేడు పక్కనుంచి లాగడానికీ చెయ్యి బదులు కర్ర వెళ్తుందని ఆమె ఆశ. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీంతో ఏం చెయ్యమంటావ్ తల్లీ? కోళ్ళని అదిలించమంటావా?"

"సన్నముక్కలు కదా మామయ్యా, చెయ్యి దగ్గరికి పోకుండా..."

"సన్నముక్క కాబట్టే చెయ్యి కావాలి. కర్రకేం తెలుస్తుంది, ముక్క ఎటు ఒరుగుతోందో?" అని, పది వేళ్ళూ ఆమె ముందు చాపారు. చూడు, అన్నట్టు. ఆమె చూసింది. బొటనవేలి మీద పేడు దిగిన చోట చీము పట్టి ఉంది. ఆయనకి నొప్పి కూడా లేదు. కోడలన్నాక మామగారి ముందు ఎంతని వాదిస్తుంది? కర్రని తీసుకుని మళ్ళీ మేకుకి తగిలించేసింది.

ఆ రోజుల్లో వాళ్ళు చేస్తున్నది చదరంగం బల్లలు. క్లబ్బువాళ్ళు పోటీల కోసం చేయించుకుంటున్నారు. గళ్ళ వరకు ఇబ్బంది లేదు. గళ్ళ చుట్టూ అంచుకి పొదగాల్సిన నల్లగీత దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆ గీత రంగు కాదు, గోరంత మందం నల్లచెక్క పట్టీ. అంత సన్నటి పట్టీని గైడుకీ బ్లేడుకీ మధ్య సందులోంచి కోసి తీయాలి. చెక్కని తోసే వేళ్ళు ఆ సందు పక్కనుంచే పోవాలి. కోత పూర్తయ్యాక పట్టీ ఆ ఇరుకులోనే, పళ్ళకి ఆనీ ఆనకుండా పడి ఉంటుంది. కొంచెం ఒరిగితే తిరుగుతున్న పళ్ళు దాన్ని విసిరికొడతాయి, లేదా చీలికలోకి లాగేసుకుంటాయి. అందుకే ఆయనకి దాన్ని తీసేయాలని అంత ఆత్రం.

ఆఖరి బల్ల మిగిలింది. మధ్యాహ్నమే మబ్బు కమ్మేసి షెడ్డులో లైటు వేసుకోవాల్సి వచ్చింది. మామగారు మిషను ముందున్నారు. కోడలు మిషనుకి ఎడంపక్కన, గళ్ళు అతికించిన ఆఖరి బల్లని రెండు చేతుల్లో పట్టుకుని అంచు సరిచూస్తోంది. పేరుకే అంచు. చూపంతా ఆయన వేళ్ళ మీదే. నల్లచెక్క బ్లేడులోకి వెళ్తోంది. బ్లేడు గోల పెడుతోంది. ఆయన బొటనవేలు గైడుని రాసుకుంటూ, చూపుడువేలు చెక్క చివర నొక్కుతూ, పళ్ళని దాటి ముందుకి పోయాయి. దాటాయి. ఆమె ఊపిరి వదిలింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

లైటు పోయింది. ఫ్యాను, మోటారు, పక్కింటి నీళ్ళ పంపు, వీధిలో రేడియో అన్నీ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. అంత హోరు తర్వాత ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. అందులో ఒక్క బ్లేడే సన్నగా, బుసలాంటి చప్పుడుతో తిరుగుతోంది. ఆ బుస మామగారి చెవిదాకా పోదు.

"పోయింది వెధవ కరెంటు," అన్నారు ఆయన మామూలుగా. ఎడమచేతి వేళ్ళు బల్ల మీద ఆనించారు. ఆయన మొహంలో ఆమెకి బాగా తెలిసిన ఆ ప్రశాంతత వచ్చింది. వణుకు ఆగిపోయినప్పుడు వచ్చేది. అది వెంటనే వచ్చేసింది. ఆయన వేళ్ళకి సంబంధించినంతవరకు ఆ బల్ల ఏనాడో మూగబోయింది.

కుడిచెయ్యి కదిలింది.

అరవకూడదు. వినపడదు, ఒకవేళ వినపడితే ఉలిక్కిపడతారు. చెయ్యి పట్టుకుందామంటే మిషను బల్ల అడ్డం. రెండు వేళ్ళు పట్టకారులా తెరుచుకుని పట్టీ మీదికి దిగుతున్నాయి. పట్టీకి అవతల, గోరంత దూరంలో, బ్లేడు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. చేతిలో ఉన్న చదరంగం బల్లని ఆయన వేళ్ళకీ బ్లేడుకీ అడ్డంగా తోసేసింది.

కర్రుమని ఒక్క అరుపు. బల్ల ఆమె చేతుల్లోంచి ఊడిపోయి, మామగారి నడుము పక్కనుంచి దూసుకెళ్ళి గోడకి కొట్టుకుంది. నల్లపట్టీ ముక్కలు ముక్కలై ఎగిరిపోయింది. ఆమె మణికట్టు మెలి తిరిగింది. మిషను మీద మామగారి చెయ్యి, ఐదు వేళ్ళతో, గాల్లో అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆయన కోపం చూడాలి.

"మతి గానీ పోయిందా నీకు? ఆగిపోయిన మిషను మీద చేసిన బల్లని పడేస్తావా? పది రోజులు పట్టుగా కూర్చుని అతికించిన గళ్ళవి! పూనకం వచ్చిందా?"

"ఆగలేదు మామయ్యా."

"ఆగింది. చెయ్యి పెట్టి చూశాను."

"మీ చేతికి తెలియలేదు." మెలి తిరిగిన మణికట్టుని ఇంకో చేత్తో పట్టుకుంది. "మీ చేతికి ఏదీ తెలియట్లేదు. టీ వేడి తెలియట్లేదు, పేడు తెలియట్లేదు. ఎన్నాళ్ళని చూస్తూ ఊరుకోను? రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇక్కడ నిలబడుతున్నాను. మీరు తిట్టండి. కొట్టండి. బల్లలు పోతే పోనీ."

మామగారి జన్మలో కోడలు ఆయనకి అన్ని మాటలు ఎదురు చెప్పింది లేదు. ఆయన విసవిసా గోడ దగ్గరికి వెళ్ళి బల్లని తీశారు. ఆమె ఎంత పని పాడు చేసిందో ఆమెకే చూపించి సిగ్గు తెప్పించాలని కిటికీ వెలుతురులోకి తెచ్చారు.

అంచున గాటు పడి ఉంది. గీరిన గాటు కాదు. తెల్లగడి ఒకటీ నల్లగడి ఒకటీ అడ్డంగా తెగిపోయి, చెక్క లోపలిదాకా కోసుకుపోయిన గాటు. అంచుల్లో పేళ్ళు లేచి ఉన్నాయి. ఆయన చూపుడువేలు మెల్లగా ఆ గాటు పక్కన ఆనించారు. వేలి రెండో గణుపుదాకా లోతు ఉంది. నిలబడిపోయిన బ్లేడు ఇంతలోతు కొయ్యదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బయట చినుకులు మొదలయ్యాయి. కరెంటు రాలేదు. ఆయన వేలితో గాటు అంచుని ఇటునుంచి అటు తడిమారు. మళ్ళీ తడిమారు.

"అమ్మాయ్."

"చెప్పండి మామయ్యా."

"ఇది గరుకుగా ఉందా, నున్నగా ఉందా?"

కోడలికి కళ్ళనీళ్ళు ఆగలేదు. వెంట్రుకవాసి తేడాని కళ్ళు మూసుకుని వేలితో పట్టే మనిషి ఆ మాట అడుగుతున్నాడు.

"గరుకుగా ఉంది. పేళ్ళు లేచాయి. తియ్యండి చెయ్యి, గుచ్చుకుంటాయి."

ఆయన తీశారు. బల్లని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు. "ఎండలు మొదలైనప్పుడు అనుకున్నాను, జిగురు పట్టి వేళ్ళు అలా ఉన్నాయేమోనని," అన్నారు నెమ్మదిగా. "కడుక్కున్నాను. కిరోసిన్ పెట్టి రుద్దాను. తర్వాత తెలిసింది జిగురు కాదని. ఎవరికి చెప్పుకోను? వేళ్ళు చచ్చిన మేస్త్రిని ఎవడు పిలుస్తాడు?"

"వేళ్ళే లేని మేస్త్రిని పిలుస్తారా?"

ఆయన తలెత్తి చూశారు. కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, పట్టుకున్నానో లేదో చూసుకుని మరీ తాగారు.

మర్నాడు పొద్దున్నే మామగారు షెడ్డు తీస్తారా తీయరా అని ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ వంటింట్లో గుసగుసలాడుకున్నారు. ఆయన తీశారు. కోడలు వెళ్ళేసరికి మిషనుకి ఇవతల, ఎప్పుడూ ఆమె నిలబడే చోట, స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"జుట్టు గట్టిగా ముడేసుకో. ఆ పొడుగు చేతులు పైకి మడుచుకో," అన్నారు. "ఇవాళ నువ్వు కొయ్యి."

ఆమె జుట్టు ముడేసుకుని మిషను దగ్గరికి వచ్చింది. అయినా ఆయన చెప్పిన మొదటి పని కోత కాదు. సన్నటి పలక ఒకటి తెప్పించి, పాత చీలిక మీద బిగింపజేసి, బ్లేడునే కిందనుంచి దాన్ని చీల్చుకుంటూ పైకి రానిచ్చారు. ఇప్పుడు బ్లేడు మందమే సందు, ఎంత సన్నముక్కైనా లోపలికి పడదు. తర్వాత వెనక చిన్న మడమ ఉన్న చెక్క దిమ్మె ఒకటి చేయించారు. చెక్కని పైనుంచి నొక్కుతూ ఆ మడమతో తోయాలి, వేళ్ళు దిమ్మె మీదే ఉంటాయి.

"పట్టీ గైడు వైపు వద్దు, ఇరుక్కుంటుంది," అన్నారు. "బ్లేడుకి బయటివైపు రావాలి. తెగిన వెంటనే విడిగా పడుతుంది, ఎవర్నీ కరవదు."

"అలా అయితే ప్రతి పట్టీకీ గైడు జరపాలి కదా మామయ్యా. మందం మారిపోదూ? అందుకే కదా మీరు అలా కొయ్యనిది."

"అందుకే. అది నా పొగరు." ఆయన బల్ల ఎడంపక్కకి వేలు చూపించారు. "అక్కడ, బ్లేడుకి ఇవతలగా, ఒక ముక్క బిగించు. దాని చివర మరమేకు బిగించు, తల బయటికి ఉండేట్టు. చెక్క తెచ్చి ఆ తలకి ఆనించు, గైడుని చెక్క దగ్గరికి జరిపి బిగించు, కొయ్యి. మళ్ళీ ఆనించు, జరుపు, కొయ్యి. ప్రతి పట్టీ ఒకే మందం వస్తుంది. రాకపోతే నన్నడుగు." రాత్రంతా ఆయన నిద్రపోకుండా ఆలోచించింది ఇదేనని ఆమెకి అర్థమైంది.

ఆమె స్విచ్చు నొక్కింది. బ్లేడు లేచింది. బ్లేడుకి సూటిగా కాకుండా ఒక పక్కకి నిలబడి, దిమ్మె మీద చేతులు పెట్టి, నల్లచెక్కని ముందుకి తోసింది. చెక్క గోల చేస్తూ కదిలింది. ఒక క్షణం ఆమె చూపు ఎందుకో పక్కకి పోయింది. మామగారు కిటికీ ఊచని పట్టుకుని నిలబడి ఉన్నారు. స్టూలు మీంచి ఎప్పుడు లేచారో. పెదాలు బిగించి, మెడ చాచి, మెటికలు తెల్లబడేలా ఆ ఊచని పట్టుకుని ఆమె చేతుల్నే చూస్తున్నారు. నోరు తెరవడానికి లేదు. ఆమె చూపు వెనక్కి లాక్కుని కోత పూర్తి చేసింది. గోరంత నల్లపట్టీ బ్లేడుకి బయటివైపు అలా ఒరిగి పడింది. ఆమె స్విచ్చు ఆపేసి, చేతులు దించి బ్లేడుకి దూరంగా జరిగింది.

"ఇన్నాళ్ళూ నువ్వు నిలబడింది ఇలాగేనా తల్లీ?" అన్నారు మామగారు. ఆమె తలూపింది.

ఆయన బల్ల దగ్గరికి వచ్చారు. అలవాటు కొద్దీ ఎడమచెయ్యి వెళ్ళి వేళ్ళు ఇనుము మీద ఆనుకున్నాయి. కుడిచెయ్యి పట్టీ వైపు లేచింది. లేచి, ఆగింది. ఆయన కోడలి మొహంలోకి చూశారు.

"ఆగిందా అమ్మాయ్?"

"ఇంకా లేదు మామయ్యా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, బడిలో పిల్లాడిలా నిలబడ్డారు. కాసేపటికి, "ఇప్పుడు?" అన్నారు.

బ్లేడు ఆఖరి చుట్టు తిరిగి, పళ్ళు కనిపించి, నిలిచింది. ఇంకొక్క క్షణం ఆగి చూసింది ఆమె.

"ఇప్పుడు ఆగింది. తీసుకోండి."